పిన్నీ, మేనేజరూ, ఒక అద్దె ఇల్లు

మా పిన్ని కర్టెన్లు కుడుతుంది. మెడలో టేపు వేసుకుని, చంకలో గుడ్డ ముక్కల కట్ట పెట్టుకుని ఇంటింటికీ వెళ్ళి కిటికీలు కొలుస్తుంది. ఎవరి పడగ్గదిలోకి పొద్దున్నే ఎండ దూరి నిద్ర చెడగొడుతుందో, ఎవరికి ఎదురింటివాళ్ళ మొహం చూడటం ఇష్టం లేదో ఆవిడకు తెలుసు. ఊళ్ళో ఇన్ని ఇళ్ళు లోపలినుంచి చూసిన మనిషికి తలదాచుకోవడానికి ఒక ఇల్లు దొరకలేదంటే వినేవాళ్ళకు నవ్వొస్తుంది. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. ఆవిడ ఒక్కతే అయితే ఎక్కడైనా ఇచ్చేవాళ్ళు. ఆవిడతో పాటు మేనేజరు కూడా ఉన్నాడు, అదీ చిక్కు.

మేనేజరంటే కుక్క. గోధుమరంగు ఒళ్ళు, ఒక చెవి నిక్కబొడుచుకుని, రెండోది వాలిపోయి ఉంటుంది. జాతీ గీతీ ఏమీ లేదు. సగం కట్టిన ఇంట్లో కిటికీలు కొలవడానికి పిన్ని వెళ్ళినప్పుడు సిమెంటు బస్తాల వెనక వణుకుతూ కనిపిస్తే, గుడ్డ ముక్కల మధ్య పెట్టుకుని తెచ్చేసింది. కాస్త పెద్దయ్యాక పిన్ని మిషను ముందు కూర్చుని, సూది కదిలినంతసేపూ రెప్ప వేయకుండా చూడటం మొదలుపెట్టింది. ఆవిడ టీ కోసం లేస్తే గుర్రుమనేది. "వీడొకడు దొరికాడు నాకు మేనేజరు, కాస్త నడుం వాల్చనివ్వడు" అంది పిన్ని. ఆ పేరే ఖాయమైపోయింది. ఎవరైనా "అది" అంటే ఆవిడకు కోపం, "వాడు" అనాలి. ఎందుకొచ్చిన గొడవని నేనూ వాడనే అంటున్నాను.

వాళ్ళిద్దరూ చాలా ఏళ్ళు ఒక ముసలాయన ఇంట్లో, వెనక వాటాలో అద్దెకున్నారు. ఆయనకు కుక్కల మీద ప్రేమేమీ లేదు. చెవులు వినపడవు కాబట్టి పేచీ కూడా లేదు. ఆయన పోయాక పిల్లలు వచ్చి, ఇల్లు పడగొట్టి అంతస్తులు లేపుతాం, ఖాళీ చేయమన్నారు. అప్పటికి పిన్నికి యాభై దాటింది. పెళ్ళి చేసుకోలేదు. తలుపు తీస్తే ఎదురొచ్చే ప్రాణి వాడొక్కడే. కాబట్టి వెతకాల్సింది ఇద్దరికీ సరిపోయే ఇల్లు.

నేను కళ్ళద్దాల షాపులో పనిచేస్తాను. సెలవు రోజున పిన్ని వెంట ఇళ్ళు చూడటానికి వెళ్ళేదాన్ని. ఆవిడ ఇల్లు చూసే పద్ధతికి నాకు తల బాదుకోవాలనిపించేది. నీళ్ళు సరిగా వస్తాయా, గోడలు చెమ్మ పడతాయా, ఏమీ అడగదు. గుమ్మంలో అడుగు పెట్టగానే మెడలోంచి టేపు లాగి కిటికీ కొలిచేది.

"పిన్నీ, వాళ్ళింకా ఇస్తామనలేదు" అని గొణిగేదాన్ని.

"తెలుసే. చెయ్యి ఊరుకోదు" అనేది.

చెయ్యి మాటేమో గానీ మనసు అసలు ఊరుకునేది కాదు. అప్పటికే ఆ కిటికీకి కర్టెను వేలాడదీసేసి, దాని కింద ఎండ పడే చోట వాడిని పడుకోబెట్టేసేది. అలా కట్టుకున్న ఇల్లంతా, ఓనరు అడిగే ఒకే ఒక్క ప్రశ్నతో కూలిపోయేది. మీతో ఎవరుంటారమ్మా?

"నేనూ, మేనేజరూనండీ" అని ఒకచోట అలవాటు కొద్దీ అనేసింది. ఓనరుగారి భార్య కళ్ళు ఇంతింతయ్యాయి. నేను గబగబా కల్పించుకుని, "కుక్కండీ, కుక్క పేరు మేనేజరు" అన్నాను. ఆవిడ తేరుకోలేదు సరికదా, ఇంకా ముడుచుకుపోయింది. "ఆ మేనేజరెవరో అయినా ఆలోచించేదాన్నేమో. కుక్కయితే కుదరదు" అంది.

తిరగని వీధి లేదు. ఒకాయన ఇంట్లో కొత్త రంగులు వేయించారు. ఒకావిడ మొగుడికి తుమ్ములు. ఇంకొకచోట కిందివాటావాళ్ళకు పసిబిడ్డ, ఆ బిడ్డ ఏడుపు వీధి చివరిదాకా వినిపిస్తుంటే, కుక్క మొరిగితే ఇబ్బందన్నారు. వీళ్ళెవరి మీదా నాకు పెద్దగా కోపం లేదు. "మాకు మూగజీవాలంటే ప్రాణమండీ" అని మొదలుపెట్టేవాళ్ళున్నారు చూశారూ, వాళ్ళను తలుచుకుంటేనే మంట. అలా మొదలుపెట్టినవాడు ఒక్కడూ ఇల్లిచ్చిన పాపాన పోలేదు. ఒక పెద్దమనిషి తన చిన్నప్పటి కుక్క ఎలా చచ్చిపోయిందో పూసగుచ్చినట్టు చెప్పి, కళ్ళు తుడుచుకుని, పిన్ని చేత కూడా కళ్ళు తుడిపించి, చివర్లో చేతులు జోడించి కుదరదన్నాడు.

ఇళ్ళు చూపించే బ్రోకరు పిన్నిని పక్కకు పిలిచి, "ముందు చెప్పకండమ్మా. మీరు చేరిపోండి. నెమ్మదిగా తర్వాత తెచ్చుకుందురు గానీ" అన్నాడు.

"వాడేమన్నా దొంగసరుకా, చాటుగా తేవడానికి?" అంది పిన్ని. అసలు నోట్లో నాలుక లేని మనిషి. వాడి విషయం వచ్చేసరికి నాలుకెక్కడినుంచి వస్తుందో వచ్చేది.

గడువు దగ్గరపడింది. పాత ఇంటి తలుపులు ఊడదీయడం కూడా మొదలైంది. వేరే దారి లేక, పిన్ని మార్కెట్టు దగ్గర ఒక షాపు మీది గదిలో చేరింది. ఆ ఓనరు కూడా కుక్క వద్దన్నవాడే. మేనేజరు మా ఇంటికొచ్చాడు.

మా నాన్న ఒంటికాలి మీద లేచాడు. జీవితమంతా బస్సు నడిపి రిటైరైన మనిషి. రోడ్డుకి అడ్డం పడి తనచేత బ్రేకులు వేయించిన కుక్కలన్నిటి తరఫునా వీడే జవాబు చెప్పాలన్నట్టు గుడ్లురిమి చూశాడు.

"నాలుగు రోజులే బావా. ఇల్లు దొరకగానే తీసుకుపోతా" అంది పిన్ని.

"నాలుగంటే నాలుగే. ఐదో రోజు గేటు బయట కట్టేస్తా, చెప్తున్నా."

ఒక ఎండాకాలం వెళ్ళి ఇంకో ఎండాకాలం వచ్చింది. నాన్న ఎవరినీ ఎక్కడా కట్టేయలేదు.

పిన్ని రోజూ సాయంత్రం పని ముగించుకుని స్కూటరు మీద మా ఇంటికొచ్చేది. ఎండ కాస్త వాలితే చాలు, వాడు వెళ్ళి గేటు దగ్గర కూర్చునేవాడు. వీధిలో ఎన్ని బళ్ళు పోయినా చెవి కూడా కదిపేవాడు కాదు. పిన్ని స్కూటరు వీధి మలుపు తిరగగానే మాత్రం లేచి, తన చుట్టూ తనే గిరగిరా తిరిగేవాడు. చిన్నపిల్లలు ఏడవబోయే ముందు తీసే రాగం లాంటిదొకటి తీసేవాడు. ఆవిడ హెల్మెట్ తీసేదాకా కూడా ఆగేవాడు కాదు. ఇద్దరూ మా మెట్ల మీద కూర్చునేవాళ్ళు. ఆ రోజు కొలిచిన కిటికీల గురించి ఆవిడ చెప్తుంటే, పనంతా సరిగ్గా జరుగుతోందా లేదా అని వాడు వినేవాడు.

తర్వాత వెళ్ళే వేళయ్యేది. నేను ఆ సమయానికి ఏదో పని కల్పించుకుని లోపలికి పోయేదాన్ని. చూడలేక.

"ఇప్పుడే వస్తాన్రా. ఇలా వెళ్ళి అలా వచ్చేస్తా" అనేది పిన్ని. ఆ అబద్ధాన్ని వాడు రోజూ నమ్మేవాడు. గేటు ఊచల మధ్య మూతి దూర్చి, స్కూటరు చప్పుడు వినిపించినంతసేపూ నిలబడేవాడు. చప్పుడు ఆగిపోయాక కూడా అక్కడే పడుకునేవాడు. పెట్టిన తిండి అలాగే ఉండేది. చివరికి నాన్న లేచి, తిట్టుకుంటూ వెళ్ళి, పక్కన చతికిలబడితే అప్పుడు తినేవాడు.

పిన్ని పరిస్థితీ అంతే. ఆ షాపు మీది గదికి ఒకే కిటికీ. ఊరందరికీ కుట్టే మనిషి దానికి చిన్న గుడ్డ ముక్క కూడా కట్టలేదు. ఎందుకలా వదిలేశావని అమ్మ అడిగితే, "అదేమన్నా ఇల్లా అక్కా?" అంది. మళ్ళీ తనే, "మిషను ముందు కూర్చుంటే ఆఫీసులో మేనేజరు సెలవు పెట్టినట్టుంది. పని తెమలట్లేదు" అని నవ్వింది. నవ్వు సగంలో ఆగిపోయింది. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

ఓనర్లందరూ ముందుగా అడిగేది మొరుగుడు గురించే కదా అని, వాడికి నోరు కట్టేసుకోవడం నేర్పాలని ఇంట్లో తీర్మానం జరిగింది. మా ఇంట్లో ఏ పనైనా మొదలుపెడితే అతిగానే చేస్తాం. నాన్న తలకు తువ్వాలు చుట్టుకుని, వీధిలోకి వెళ్ళి, దొంగలాగా గేటు తోసేవాడు. వాడు "భౌ" అనగానే పిన్ని తన పెద్ద కత్తెరను గాలిలో టకటకలాడించేది. నోరు మూశాడా, బిస్కెట్. నాన్న రోజుకో వేషం. ఒకరోజు అమ్మ దుప్పటి కప్పుకుని వస్తే పక్కింటివాళ్ళు నిజంగానే దొంగనుకుని కేకలు వేశారు. వాడు మాత్రం బుద్ధిగా కూర్చుని బిస్కెట్ కోసం చూశాడు. కొన్ని వారాలకు ఎంత తయారయ్యాడంటే, గేటు బద్దలుకొట్టినా కిమ్మనడు. పిన్ని సంబరానికి అంతు లేదు. "ఇంకెవరేమంటారో చూస్తా" అంది.

అప్పుడు తగిలాడు ఇనుప సామాను వ్యాపారి.

ఆ ఇల్లు చూడగానే నాకు కూడా ఆశ పుట్టింది. మెట్లెక్కే పని లేని కింది వాటా. పక్కన చెట్టు నీడ. ముందు గదికి నేలకు జానెడు ఎత్తులో మొదలయ్యే పెద్ద కిటికీ. దాని కింద పడుకుంటే వాడికి వీధంతా కనిపిస్తుంది. పిన్ని దాన్ని ఒకసారి కొలిచి, చాలనట్టు మళ్ళీ కొలిచింది. వ్యాపారి ఎవరుంటారని అడిగాడు. పిన్ని ఊపిరి బిగబట్టి కుక్క ఉందని చెప్పింది.

"కుక్కా? ఇంకా మంచిదేగా!" అన్నాడాయన.

మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"వెనక మా సరుకంతా పడుంటుందమ్మా. రోజూ ఏదో ఒకటి పోతోంది. గట్టిగా మొరిగే కుక్క ఒకటుంటే నాకు దిగుల్లేదు. రేపు తీసుకురండి, చూద్దాం" అన్నాడు.

గొంతులో వెలక్కాయ పడింది. అయినా కుక్కకు మొరగడం ఒకరు నేర్పాలా, కొత్తచోట కొత్తమనిషిని చూస్తే అదే వస్తుందిలే అనుకుని, మర్నాడు ఆటోలో తీసుకెళ్ళాం. నాన్న కూడా వచ్చాడు. వ్యాపారి తన డ్రైవర్ని పిలిచి, బయటికెళ్ళి గేటు గట్టిగా తొయ్యమన్నాడు. డ్రైవరు తోశాడు. మేనేజరు బుద్ధిగా కూర్చుని పిన్ని వైపు చూశాడు. డ్రైవరు గేటు మీద గుద్ది కేకలు వేశాడు. వాడు తోకాడించాడు. బిస్కెట్ రాకపోయేసరికి, లేచి వెళ్ళి డ్రైవరు చెయ్యి నాకాడు.

"మొరగరా" అంది పిన్ని మెల్లగా. "మొరగరా నాయనా, ఒక్కసారి." వాడికి అర్థం కాలేదు. ఇన్నాళ్ళూ వద్దన్నది ఈవిడే కదా. పిన్ని వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. అంత మంది మధ్య, వాడి మొహంలో మొహం పెట్టి, "భౌ" అంది. "భౌ, భౌ" అంది. జుట్టు ముడి ఊడిపోయి మొహం మీద పడింది. నాన్న తల తిప్పుకున్నాడు.

"మీరు మొరిగి ఏం లాభమమ్మా" అన్నాడు వ్యాపారి. పాపం, వెటకారంగా కూడా అనలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో పిన్ని వాడిని ఒళ్ళో పెట్టుకుని, బయటికి చూస్తూ ఏడ్చింది. "వాడి గొంతు నేనే నొక్కేశాను" అంది. తర్వాత, "చూడవే, కళ్ళలో పొర వస్తోంది వీడికి. ముసలాడైపోతున్నాడు. ఉన్న నాలుగేళ్ళూ గేటు దగ్గర నా కోసం చూడ్డంలోనే అయిపోతాయా వీడికి?" అని నన్నడిగింది. రోజూ కళ్ళ సంగతే చూసే ఉద్యోగం నాది. వాడి మొహం నా వైపు తిప్పుకుని చూశాను. పొర నిజమే.

ఆ తర్వాత కొంతకాలం ఆవిడ ఇల్లు వెతకడం మానేసింది. ఆశ పెట్టుకునే ఓపిక కూడా అయిపోయింది కాబోలు. సాయంత్రం రావడం మాత్రం మానలేదు.

ఇల్లు చివరికి పనిలోనే దొరికింది. ఒక రిటైరైన హెడ్‌నర్సు, ఖాళీగా ఉన్న తన కింది వాటాకు కర్టెన్లు కావాలని పిలిపించింది. పిన్ని కిటికీలన్నీ కొలిచి, టేపు చుట్టేసి, గుమ్మం దాటబోయి ఆగింది. వెనక్కి తిరిగి, ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేసింది. తనకు ఇల్లెక్కడా దొరకట్లేదని, తను ఒక్కతే ఉంటానని, కుక్క ఉందని, ముసలిదని, బొచ్చు రాలుతుందని, మొరగడం మాన్పించామని, మళ్ళీ మొదలెట్టినా తను మాత్రం ఇక వద్దననని.

హెడ్‌నర్సు కళ్ళద్దాల మీదుగా చూసింది. "కుక్కలంటే నాకు గిట్టదమ్మా" అంది.

"సరేనండీ" అని పిన్ని చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

"ఆగమ్మా, నన్ను పూర్తిగా చెప్పనిస్తావా? నాకు గిట్టకపోతే నీకేం? నువ్వు నాకు పెట్టవు కదా, దాన్ని చూసుకునే పని. పోయిన రెండుసార్లూ అద్దెకొచ్చినవాళ్ళు చెప్పాపెట్టకుండా ఖాళీ చేసి పోయారు. నీకు కుక్కతో ఇంకో ఇల్లు ఎక్కడా దొరకదు కాబట్టి బుద్ధిగా ఉంటావు. అది మెట్లెక్కి నా దగ్గరికి రాకూడదు. అంతే."

ఇదంతా విన్నాక నాకు ఆవిడ కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. ప్రాణమంటూ కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళెవరూ ఇవ్వని ఇల్లు, గిట్టదన్న మనిషి ఇచ్చింది.

సామాను చేరవేసిన రోజు నాన్న, "హమ్మయ్య, పీడ విరగడైంది" అని వీధికంతా వినిపించేలా అన్నాడు. ఆటో కదిలేముందు మాత్రం ఇంట్లో ఉన్న బిస్కెట్ పాకెట్లన్నీ సంచిలో పోసి పిన్ని ఒళ్ళో పడేసి, గబగబా లోపలికెళ్ళిపోయాడు.

నేను వారం పదిరోజుల దాకా అటు వెళ్ళలేదు. వాళ్ళిద్దరినీ కాస్త ఒంటరిగా వదలాలనిపించింది. వెళ్ళిన రోజు సాయంత్రం, దూరంనుంచే మేనేజరు కనిపించాడు. కొత్తింటి గేటు దగ్గర కూర్చుని వీధి వైపు చూస్తున్నాడు. నన్ను చూసి తోకాడించి, మళ్ళీ నా పక్కనుంచి వీధిలోకి చూపు సాగదీశాడు. లోపల పిన్ని మిషను దగ్గర ఉంది. కిటికీలన్నిటికీ కర్టెన్లున్నాయి.

"ఎవరి కోసం పిన్నీ అంత ఇదిగా చూస్తున్నాడు?" అన్నాను.

పిన్ని కుట్టడం ఆపింది. "వచ్చిన రోజు ఇల్లంతా తిరిగి, మిషను ముందు కూర్చున్నాడే. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎండ వాలేసరికి లేచి గేటు దగ్గరికి పోయాడు. పిలిచాను. వచ్చి చెయ్యి వాసన చూసి, మళ్ళీ పోయాడు. రోజూ ఇదే. మీ నాన్న మీద బెంగేమోనని బావని రమ్మన్నాను. బావ వచ్చి కూర్చున్నా సరే, వీధి వైపే చూశాడు."

"మరి?"

"నా కోసమే" అంది. "నేను పక్కనే ఉన్నాను, నా కోసమే చూస్తున్నాడు. సాయంత్రమైతే నేను రావాలంతే. ఉండడం వాడికి లెక్కలోకి రావట్లేదు."

ఆవిడ లేచి మొహం కడుక్కుని, మేకుకున్న హెల్మెట్ తీసి పెట్టుకుంది.

"ఎక్కడికి పిన్నీ, నేనొస్తేనూ?"

"ఎక్కడికీ లేదు. రావడానికి వెళ్తున్నా" అంది.

వెనక తలుపు తీసుకుని, సందులో పెట్టిన స్కూటరును చప్పుడు కాకుండా నెట్టుకుంటూ పోయింది. నేను ముందు గుమ్మంలోకొచ్చి నిలబడ్డాను. కాసేపటికి వీధి మలుపులో స్కూటరు వినిపించింది. వాడి నిలబడ్డ చెవి కదిలింది. ముసలి కాళ్ళ మీద లేచి, గిరగిరా తిరిగి, గొంతెత్తి మొరిగాడు. ఎన్నాళ్ళకో విన్నాను ఆ మొరుగుడు. పిన్ని బండి ఆపీ ఆపకముందే కింద కూర్చుండిపోయింది. వాడు ఆవిడ భుజాల మీద కాళ్ళేసి, హెల్మెట్ అద్దమంతా నాకేస్తున్నాడు. పైనుంచి హెడ్‌నర్సు, "ఏంటమ్మా ఆ గోల, రోజూ!" అని కేకేసి, మళ్ళీ లోపలికెళ్ళిపోయింది.

పిన్ని స్కూటరు లోపల పెట్టి, గేటు గడియ వేసి తాళం కూడా వేసింది. వాడి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, "వచ్చేశాన్రా. ఇంక ఎక్కడికీ వెళ్ళను" అంది.

వాడు ఆవిడను నమ్మలేదు. వెళ్ళి స్కూటరు ముందు చక్రానికి అడ్డంగా పడుకున్నాడు.